ద్ర్వార్ మీద దిగినవాళ్లు: జర్మన్ పారాచూట్ దళాలు, ప్రొబేషన్ బెటాలియన్లు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ పారాచూట్ సైనికులు భూసైన్యానికి చెందినవారు కారు. వాళ్ల యూనిఫామ్, హోదాలు, జీతభత్యాలు అన్నీ వైమానిక దళానివే. ఈ ఏర్పాటు వెనక యుద్ధతంత్రం కన్నా నాజీ నాయకుడు హెర్మన్ గోరింగ్ పంతమే ఎక్కువ. ప్రష్యా రాష్ట్ర పోలీసు శాఖ చేతికి రాగానే అతను తనకు నమ్మకమైన పోలీసు దళం ఒకదాన్ని తయారు చేసుకున్నాడు. 1935లో దాన్ని తన ఏలుబడిలోని వైమానిక దళంలో కలిపేశాడు. తొలి పారాచూట్ బెటాలియన్ ఆ దళంలోంచే పుట్టింది. 1936 జనవరి 29న వెలువడిన ఉత్తర్వుతో, బెర్లిన్‌కు పడమటనున్న స్టెండాల్ పట్టణం పక్కన శిక్షణ పాఠశాల మొదలైంది. సైనికులను విమానాల్లోంచి గుంపులుగా దించవచ్చని సోవియట్ సైన్యం అప్పటికే విన్యాసాల్లో చేసి చూపించింది. జర్మన్లు చూసి నేర్చుకున్నారు. భూసైన్యం కూడా కొన్నాళ్లు సొంతంగా పారాచూట్ సైనికులను పెంచింది కానీ, 1939 జనవరికల్లా వాళ్లూ గోరింగ్ ఖాతాలో చేరిపోయారు. ఈ దళాల బాధ్యత 1938లో కుర్ట్ స్టూడెంట్ అనే అధికారికి దక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానం నడిపిన ఇతని పేరు ఆ తర్వాత జర్మన్ పారాచూట్ దళానికి మారుపేరైంది.

ఈ దళంలో చేరడం ఆ రోజుల్లో పెద్ద గౌరవం. మొదట్లో అందరూ కోరి వచ్చినవాళ్లే. ఆరుసార్లు దూకితే బ్యాడ్జి ఇచ్చేవారు. ఎవరి పారాచూట్‌ను వాళ్లే మడతపెట్టుకోవాలి. మడత తప్పితే నింద వేయడానికి మరొకరుండరు. అయితే ఆ పారాచూట్ తయారీలోనే ఒక పెద్ద చిక్కుంది. బ్రిటిష్, అమెరికన్ పారాచూట్ల తాళ్లు భుజాల మీదుగా వచ్చేవి. వాటిని లాగి సైనికుడు దిశను కొంతైనా మార్చుకోగలిగేవాడు. జర్మన్ పారాచూట్ తాళ్లన్నీ వీపు వెనక ఒక్కచోట కలిసేవి. మనిషి ముందుకు వాలిపోయి, చేతులకు తాడు అందక, గాలి ఎటు తోస్తే అటు పోయేవాడు. యుంకర్స్-52 విమానం తలుపు దగ్గర రెండు వైపులా కమ్మీలు పట్టుకుని, గట్టు మీంచి చెరువులోకి ఉరికినట్టు తల ముందుగా దూకాలి. లేకపోతే పారాచూట్ విచ్చుకునేటప్పటి కుదుపు ఒంటిని విరిచేస్తుంది. నేలను తాకగానే ముందుకు పల్టీ కొట్టాలి. అందుకే మోకాళ్లకు, మోచేతులకు మందపాటి మెత్తలు కట్టుకునేవారు. పొడవాటి తుపాకీ ఒంటిమీద ఉంటే ఆ పల్టీ కుదరదు. కాబట్టి రైఫిళ్లు, మెషిన్‌గన్లు వేరే పెట్టెల్లో, వేరే పారాచూట్ల మీద దిగేవి. దూకినవాడి దగ్గర ఒక పిస్తోలు, కొన్ని చేతిబాంబులు, చిక్కుపడ్డ తాళ్లు కోసుకోవడానికి ఒక కత్తి ఉండేవి. పెట్టె దొరికేదాకా అతను దాదాపు నిరాయుధుడు.

1940లో ఈ లోపం బయటపడలేదు. ఏప్రిల్‌లో డెన్మార్క్, నార్వేల్లో చిన్న చిన్న దళాలు వంతెనలను, విమానాశ్రయాలను పట్టుకున్నాయి. మే 10న బెల్జియంలోని ఎబెన్-ఎమేల్ కోట మీద జరిగిన దాడి ప్రపంచమంతటా మారుమోగింది. ఎనభై మందికి పైబడిన దళం గ్లైడర్లలో బయల్దేరి, అజేయమని పేరున్న ఆ కోట కప్పు మీదే చప్పుడు లేకుండా దిగింది. ఉక్కును తొలిచే కొత్తరకం పేలుడు పదార్థాలతో ఫిరంగి గూళ్లను పగలగొట్టింది. మర్నాడు కోట లొంగిపోయింది. దాడికి దిగినవారిలో చనిపోయింది ఆరుగురు. నాయకత్వం వహించాల్సిన రుడోల్ఫ్ విట్సిగ్ గ్లైడర్ తాడు తెగి జర్మనీలోనే దిగిపోయింది. అతను ఇంకో విమానం పిలిపించుకుని ఆలస్యంగా వచ్చి చేరాడు. ఈలోగా కింది అధికారులు పని నడిపించేశారు. నెదర్లాండ్స్‌లో మాత్రం కథ ఇంత తేలిగ్గా సాగలేదు. అక్కడ రవాణా విమానాలు పెద్ద సంఖ్యలో కూలాయి. రోటర్‌డామ్‌లో స్టూడెంట్ తలకు తూటా తగిలి చావు తప్పించుకున్నాడు. గెలుపు హోరులో ఆ లెక్కలు ఎవరూ పట్టించుకోలేదు.

ఆ లెక్క 1941 మే 20న క్రీట్ దీవి మీద తేలింది. దాడికి కేటాయించిన సైన్యం సుమారు 22,000. దీవి మీద బ్రిటిష్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, గ్రీకు సైనికులు ఎంతమంది ఉన్నారో జర్మన్ నిఘా వర్గాలు చాలా తక్కువగా అంచనా వేశాయి. తెల్లవారి దూకినవాళ్లలో చాలామంది గాలిలోనే తూటాలకు బలయ్యారు. నేలకు చేరినవాళ్లు తుపాకుల పెట్టెల కోసం ఆలివ్ తోటల్లో పాకుతూ చచ్చిపోయారు. చేతికందిన కత్తులు, పాత తుపాకులతో గ్రామస్తులు కూడా తిరగబడ్డారు. న్యూజిలాండ్ దళం ఒకటి మాలెమె విమానాశ్రయం పక్క గుట్టను రాత్రికి రాత్రి ఖాళీ చేయడంతో జర్మన్లకు ఊపిరి అందింది. జూన్ 1కి దీవి వాళ్ల చేతికొచ్చింది. జర్మన్ల వైపు చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి నాలుగు వేల దాకా ఉన్నారు. జో లూయిస్‌ను ఓడించిన పేరున్న బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ కూడా ఆ దీవి మీద దూకినవాడే.

క్రీట్ గురించి రాసే సైనిక చరిత్రలు చాలావరకు ఇక్కడితో ఆగిపోతాయి. ఆగకూడదు. మే 31న స్టూడెంట్ గ్రామాల మీద ప్రతీకారానికి ఉత్తర్విచ్చాడు. జూన్ 2న కొండోమారి గ్రామంలో మగవాళ్లను ఆలివ్ తోటలోకి తీసుకెళ్లి కాల్చేశారు. ఆ దృశ్యాలను జర్మన్ సైన్యపు ఫొటోగ్రాఫరే వరసగా తీశాడు. జూన్ 3న కాండనోస్ గ్రామాన్ని నేలమట్టం చేసి, అక్కడ ఆ ఊరు ఒకప్పుడు ఉండేదని చెప్పే బోర్డులు పాతారు. ఈ పనులు చేసినవాళ్లు శిక్షాబెటాలియన్ల ఖైదీలు కారు, ఏరికోరి తీసుకున్న పారాచూట్ సైనికులు. ముందు ముందు వచ్చే సంగతులు అర్థం కావాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

క్రీట్ నష్టాలు చూసి హిట్లర్ ఇకపై ఇంత పెద్ద పారాచూట్ దాడులు వద్దన్నాడు. పారాచూట్ దళాలు మాత్రం ఆగకుండా పెరుగుతూ పోయాయి. యుద్ధం చివరికి పేరుకు పదికి దగ్గరగా డివిజన్లుండేవి. వాటిలో అత్యధికులు ఎన్నడూ విమానంలోంచి దూకినవాళ్లు కారు. మంచి పదాతిదళంగా వాళ్లను రష్యాలో, ఇటలీలో, నార్మండీలో నేల మీదే వాడుకున్నారు. 1944లో ఇటలీలోని మోంటే కాసినో దగ్గర 1వ పారాచూట్ డివిజన్ శిథిలాల మధ్య నెలల తరబడి నిలబడింది. దానికి ఎదురుగా ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో పోరాడిన వాటిలో 4వ ఇండియన్ డివిజన్ ఒకటి. ఆ డివిజన్ ఇంజినీరింగ్ కంపెనీల్లో ఒకటి మద్రాస్ శాపర్లది. తమిళులతో పాటు తెలుగువాళ్లకూ ఆ రోజుల్లో సైన్యంలోకి దారి చూపిన దళాల్లో అదొకటి.

పారాచూట్ దళం అంచె మీద అంచె దిగజారుతున్న ఈ కాలంలోనే జర్మన్ సైన్యం ఇంకో కొసన మరోరకం దళాలను పెంచుతోంది. 1935 నాటి సైనిక చట్టం ప్రకారం కఠిన కారాగార శిక్ష పడినవాడికి ఆయుధం పట్టే అర్హతే ఉండదు. సైన్యంలో చేరడం గౌరవమనీ, నేరస్తుడికి ఆ గౌరవం దక్కకూడదనీ నాజీల వాదన. లోపల క్రమశిక్షణ తప్పినవాళ్ల కోసం 1936 నుంచి ప్రత్యేక విభాగాలు ఏర్పాటు చేశారు. యుద్ధం మొదలయ్యాక ఈ వాదనకు ఎదురుదెబ్బ తగిలింది. అర్హత లేదని జైల్లో పెడితే నేరస్తుడు క్షేమంగా బతుకుతాడు, నిజాయితీగా ఉన్నవాడు యుద్ధరంగంలో చస్తాడు. 1918 ఓటమికి వెనకుండి ద్రోహం చేసినవాళ్లే కారణమని నమ్మిన హిట్లర్‌కు ఇది మింగుడుపడని విషయం. జైలు యుద్ధం నుంచి తప్పించుకునే చోటు కాకూడదని అతను తీర్మానించాడు.

ఒకవైపు శిక్షలు భయంకరంగా పెరిగాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాలుగేళ్లలో జర్మన్ సైన్యం 48 మంది సొంత సైనికులకు మరణశిక్ష అమలు చేసింది. రెండో యుద్ధంలో సైనిక న్యాయస్థానాలు సుమారు 30,000 మరణశిక్షలు వేశాయని, అందులో దాదాపు 20,000 అమలయ్యాయని చరిత్రకారుల అంచనా. విధుల నుంచి పారిపోవడం, యుద్ధం ఓడిపోతామని పదిమందిలో అనడం, ఒంటికి తానే గాయం చేసుకోవడం, ఇవే ఎక్కువ కేసుల్లో నేరాలు. జైలు శిక్ష పడ్డవాళ్లలో చాలామందిని హాలండ్ సరిహద్దులోని ఎమ్స్‌లాండ్ బురద నేలల్లోని శిబిరాలకు పంపేవారు. అక్కడ గడిపిన కాలం శిక్షలో లెక్కకు రాదు. అసలు శిక్ష యుద్ధం ముగిశాకే మొదలవుతుంది. పదేళ్ల శిక్ష పడ్డవాడు మూడేళ్లు ఆ బురదలో పీట్ తవ్వినా, కాగితం మీద ఇంకా పదేళ్లు బాకీయే.

ఇలాంటి స్థితిలో ఉన్నవాడికి చూపించిన కిటికీ ప్రొబేషన్ దళం. 1940 డిసెంబర్ 21 నాటి హిట్లర్ ఉత్తర్వు ఆధారంగా, 1941 ఏప్రిల్‌లో '500' నంబరుతో తొలి ప్రత్యేక పదాతి బెటాలియన్ ఏర్పడింది. తర్వాత 540, 550, 560, 561 వంటి నంబర్లతో మరికొన్ని వచ్చాయి. ఇవి పేరుకు శిక్షా దళాలు కావు. సైనికుడికి పూర్తి ఆయుధాలిచ్చేవారు, మామూలు యూనిఫామే ఉండేది. అధికారులు, ముఖ్యమైన సార్జెంట్లు శిక్ష పడనివాళ్లు, పేరున్న దళాల నుంచి ఎంచి తెచ్చినవాళ్లు. ఒక్కసారి కాలు జారినవాడు, మూలంలో మంచివాడు అని అధికారులు తేల్చిన ఖైదీనే తీసుకునేవారు. వచ్చేటప్పటికి అతని హోదా ఊడిపోయి మామూలు సిపాయిగా ఉండేవాడు. ప్రమాదకరమైన చోట ధైర్యం చూపిస్తే శిక్ష మాఫీ, హోదా వాపసు, మామూలు దళానికి బదిలీ. చూపించకపోతే మళ్లీ శిబిరం, కొన్నిసార్లు నిర్బంధ శిబిరం. లెనిన్‌గ్రాడ్ చుట్టుపక్కల చిత్తడి అడవుల్లో, యుద్ధరేఖ ఎక్కడ తెగుతుందనిపిస్తే అక్కడ వీళ్లను పెట్టేవారు. క్షమాభిక్ష ఆశ ఎంత బలంగా పనిచేసిందంటే, ఈ బెటాలియన్లకు మంచి యోధులన్న పేరొచ్చింది.

ఈ మెట్టు కింద ఇంకా మెట్లున్నాయి. 1942 నుంచి ఏర్పడ్డ 'రణరంగ ఖైదీ' విభాగాల్లో ఉన్నవాళ్లకు ఆయుధాలు లేవు. యుద్ధరేఖ మీద బంకర్లు తవ్వడం, మందుపాతరలు తీయడం, శవాలు పూడ్చడం వాళ్ల పని. అక్కడ బాగా నడుచుకుంటేనే ప్రొబేషన్ బెటాలియన్‌కు వెళ్లే అవకాశం దొరికేది. జర్మన్ల ఈ పద్ధతి శత్రువుకూ నచ్చింది. 1942 జులై 28న స్టాలిన్ జారీచేసిన 227వ ఉత్తర్వు, శిక్షా కంపెనీలు పెట్టి జర్మన్లు క్రమశిక్షణ తెచ్చుకున్నారని పేరుపెట్టి చెప్పి, సోవియట్ సైన్యంలోనూ అలాంటివే పెట్టమంది.

లుడ్విగ్ బౌమన్ కథలో ఈ మెట్లు చాలావరకు కనిపిస్తాయి. నౌకాదళంలో నావికుడిగా ఉన్న ఇతను 1942 జూన్‌లో ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి స్నేహితుడితో కలిసి పారిపోయి పట్టుబడ్డాడు. మరణశిక్ష పడింది. తర్వాత అది పన్నెండేళ్ల కారాగారంగా మారింది. ఆ సంగతి అతనికి చెప్పకుండా నెలల తరబడి ఉరి ఖైదీల గదిలోనే సంకెళ్లతో ఉంచారు. ఆ తర్వాత ఎమ్స్‌లాండ్ శిబిరం, టోర్గావ్ సైనిక కారాగారం, చివరికి తూర్పు రంగంలో ప్రొబేషన్ బెటాలియన్. గాయపడి బతికాడు. కలిసి పారిపోయిన స్నేహితుడు బతకలేదు.

1942 చివరికి మనుషుల కొరత ఎంతదాకా వచ్చిందంటే, అసలు సైన్యానికే అనర్హులన్న సాధారణ ఖైదీలను కూడా పిలిచారు. వాళ్లతో ఏర్పడింది 999 విభాగం. ఆ యేడు అక్టోబర్ నుంచి నైరుతి జర్మనీలోని హోయ్‌బెర్గ్ పీఠభూమి మీద వాళ్లకు శిక్షణ ఇచ్చారు. మొత్తం సుమారు 28,000 మంది దీని గుండా వెళ్లారు. దాదాపు మూడో వంతు రాజకీయ ఖైదీలు: కమ్యూనిస్టులు, సోషల్ డెమోక్రాట్లు, కార్మిక సంఘాల నాయకులు. 1933లో నాజీలు పెట్టిన తొలి నిర్బంధ శిబిరాల్లో ఒకటి సరిగ్గా ఆ హోయ్‌బెర్గ్‌లోనే ఉండేది. అప్పట్లో తమను బంధించిన రాజ్యం కోసం ఇప్పుడు వాళ్లు తుపాకీ పట్టాలి. ఫలితం ఊహించదగ్గదే. ట్యునీషియాలో, ఆ తర్వాత గ్రీస్‌లో వీళ్లలో ఎందరో ఎదుటిపక్షంలోకి జారుకున్నారు. నాజీలను ఎదిరించిన 'వైట్ రోజ్' బృందం కేసులో నిర్దోషిగా విడుదలైన ఫాల్క్ హార్నాక్ గ్రీస్‌లో ఈ విభాగం నుంచి తప్పించుకుని, గెరిల్లా పోరాటం చేస్తున్న పార్టిజాన్లలో కలిశాడు. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో పెద్ద న్యాయశాస్త్ర, రాజనీతి పండితుడైన వోల్ఫ్‌గాంగ్ ఆబెన్‌డ్రోట్ కూడా లెమ్నోస్ దీవి నుంచి అదే చేశాడు.

నాజీ పార్టీ సాయుధ విభాగమైన ఎస్‌ఎస్ సంస్థ తన సొంత దారిలో వెళ్లింది. 1940లో దొంగవేటగాళ్లతో మొదలైన ఆస్కర్ డిర్లెవాంగర్ దళంలో క్రమంగా అన్నిరకాల నేరస్తులనూ నింపారు. బెలారుస్ గ్రామాల్లోను, 1944 ఆగస్టులో వార్సా వీధుల్లోను ఈ దళం చేసిన హత్యాకాండ రెండో ప్రపంచ యుద్ధంలోని ఘోరాల్లో మొదటి వరుసలో నిలుస్తుంది. ఎస్‌ఎస్ సైనికుల్లో క్రమశిక్షణ తప్పినవాళ్ల కోసం వేరే న్యాయస్థానాలు, డాన్‌జిగ్ నగరం దగ్గర మాట్స్‌కావ్ శిక్షా శిబిరం ఉండేవి. ఇక్కడే పైనుంచి దిగజారిన పారాచూట్ దళం, కిందనుంచి పెరిగిన శిక్షావ్యవస్థ ఒకచోట కలిశాయి.

1943 శరదృతువులో ఎస్‌ఎస్ తనకూ ఒక పారాచూట్ బెటాలియన్ కావాలనుకుంది. బొహీమియాలోని ఖ్లుమ్‌లో 500వ ఎస్‌ఎస్ పారాచూట్ బెటాలియన్ రూపు దిద్దుకుంది. సెర్బియాలో క్రాల్యెవో పక్కనున్న మాతారుష్కా బాన్యాలో, తర్వాత హంగరీలోని పాపాలో దూకడం నేర్పారు. మొదటి కమాండర్ హెర్బర్ట్ గిల్‌హోఫర్. 1944 ఏప్రిల్‌లో కుర్ట్ రిబ్‌కా వచ్చాడు. 500 అన్న నంబరు పదాతిదళపు ప్రొబేషన్ బెటాలియన్లను గుర్తుచేస్తుంది. బెటాలియన్‌లో కొంతమంది కోరి చేరినవాళ్లు, మిగతావాళ్లు మాట్స్‌కావ్ నుంచి వచ్చిన ప్రొబేషన్ సైనికులు. ఈ రెండో రకం సగం ఉంటారని కొన్ని రచనలు, అంతకన్నా ఎక్కువని మరికొన్ని రచనలు చెబుతాయి. యుగోస్లావియాలో వచ్చిన రచనలు అందరినీ హంతకులు, దోపిడీదారులుగా చూపితే, మాజీ ఎస్‌ఎస్ సైనికుల రచనలు కాపలాలో కునుకు తీసిన అమాయకులుగా చూపాయి. రెండూ అవసరం కొద్దీ అల్లినవే. హోదా పోయినవాడు దాన్ని తిరిగి సంపాదించుకోవడానికి ఎంతకైనా తెగిస్తాడన్న లెక్కతోనే వాళ్లను చేర్చుకున్నారు. వెనక్కి వచ్చే దారి సరిగా లేని దాడికి అలాంటివాళ్లే పనికొస్తారు.

ఆ దాడి 1944 మే 25న జరిగింది. పశ్చిమ బోస్నియా కొండల మధ్యనున్న ద్ర్వార్ పట్టణం ఆ యేడు మొదటి నుంచి యుగోస్లావ్ పార్టిజాన్ల నాయకుడు టిటోకు కేంద్రం. ఆరునెలల ముందే పార్టిజాన్ల సభ అతనికి మార్షల్ బిరుదిచ్చింది. బ్రిటిష్, అమెరికన్, సోవియట్ సైనిక ప్రతినిధులు పట్టణంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ మకాం వేశారు. చర్చిల్ కొడుకు రాండాల్ఫ్ కూడా అక్కడే ఉన్నాడు. టిటోను పట్టుకోవాలి లేదా చంపాలి అన్నది జర్మన్ల లక్ష్యం. చదరంగంలో గుర్రం ఎత్తు అనే అర్థం వచ్చే పేరు ఆ దాడికి పెట్టారు. పైనుంచి పారాచూట్లు, చుట్టూ రోడ్ల మీద పదాతిదళాలు.

విమానాలు, గ్లైడర్లు చాలినన్ని లేక బెటాలియన్‌ను ముక్కలు చేయాల్సి వచ్చింది. మొదటి విడతలో 314 మంది పారాచూట్లతో, 340 మంది గ్లైడర్లతో దిగాలి. మధ్యాహ్నం రెండో విడతలో 220 మంది. గ్లైడర్ దళాలకు పాంథర్, పట్టేవాడు, విరిచేవాడు, కరిచేవాడు వంటి పేర్లు. 110 మంది ఉన్న పాంథర్ దళానిది అసలు పని, టిటో స్థావరమని జర్మన్లు నమ్మిన 'కోట'ను పట్టుకోవడం. మిగతావి విదేశీ ప్రతినిధుల బసలను, రేడియో కేంద్రాన్ని పట్టుకోవాలి. ప్రతి సైనికుడి చేతిలోనూ టిటో ఫొటో ఒకటి పెట్టారు. జర్మన్ నిఘా సంస్థలు మాత్రం ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పలేదు. ముస్సోలినీ విడుదలతో పేరు తెచ్చుకున్న ఎస్‌ఎస్ అధికారి ఒట్టో స్కోర్‌ట్సెనీ జాగ్రెబ్ వచ్చి చూసి, రహస్యం బయటికి పొక్కిందనుకుని తప్పుకున్నాడు.

ఉదయం బాంబుదాడి ముగియగానే, ఏడు గంటల వేళ దూకుళ్లు మొదలయ్యాయి. పట్టణం త్వరగానే చేతికి చిక్కింది. పాంథర్ దళం చేరిన 'కోట' షోబిచ్ గుట్ట మీదున్న శ్మశానమని తేలింది. అక్కడ సమాధులు తప్ప స్థావరమేమీ లేదు. టిటో ఆ సమయంలో ఉనాత్స్ నది అవతల, కొండ గోడలో ఉన్న గుహలో ఉన్నాడు. మామూలుగా రాత్రిళ్లు కొన్ని కిలోమీటర్ల దూరంలోని బస్తాసిలో పడుకునేవాడు. ముందురోజు రాత్రి అతని పుట్టినరోజు వేడుక జరగడంతో గుహలోనే ఉండిపోయాడు. అంటే జర్మన్లకు అదృష్టం కలిసొచ్చింది కానీ, అది కలిసొచ్చిన చోటు వాళ్లకు తెలియలేదు. గుహ ఎక్కడుందో తేలేటప్పటికి కాపలా బెటాలియన్, సైనిక పాఠశాల విద్యార్థులు అడ్డుపడ్డారు. ఎదురుగా ఉన్న మెషిన్‌గన్ గుహ ముఖాన్ని తూటాలతో నింపుతుండగా, టిటో తన సహచరులతో గుహ ముందరి చెక్క కట్టడం నేలలోని కంత గుండా తాడు పట్టుకుని దిగి, వాగు చీలిక వెంట కొండపైకి చేరాడు. ఆ దారి చూసి కాల్చడానికి అక్కడ ఒక్క జర్మన్ లేడు.

మధ్యాహ్నం దూకిన రెండో విడత నేరుగా తూటాల మధ్య పడింది. పార్టిజాన్ల 6వ లికా డివిజన్ బ్రిగేడ్లు అప్పటికే కొండల మీంచి దిగి వస్తున్నాయి. బయటి నుంచి రావాల్సిన జర్మన్ దళాలను రోడ్ల మీదే నిలువరించారు. సాయంత్రానికి రిబ్‌కా చేతిబాంబు గాయంతో పడిపోయాడు. మిగిలినవాళ్లను పొద్దున పొరపాటున పట్టుకున్న ఆ శ్మశానంలోకే జరిపారు. సమాధి రాళ్లను, ప్రహరీ గోడను చాటు చేసుకుని రాత్రంతా పార్టిజాన్ల దాడులు కాచుకున్నారు. 26వ తేదీన పదాతిదళం దారి చేసుకుని వచ్చి వాళ్లను విడిపించేసరికి కాళ్ల మీద నిలబడగలిగినవాళ్లు సుమారు రెండువందల మంది. పట్టణం చేతిలో ఉన్న ఆ కొద్ది గంటల్లో సామాన్య జనాన్ని, గాయపడ్డవాళ్లను కూడా చంపారు. జర్మన్ నివేదికలు దీన్ని పార్టిజాన్ నష్టాల లెక్కలో కలిపేశాయి.

చేతికొచ్చిన వాటిలో ముఖ్యమైనది టిటో కొత్త మార్షల్ యూనిఫామ్. దాన్ని వియన్నాలో ప్రదర్శనకు పెట్టారు. ఆ బట్టలు కుట్టించుకున్నవాడు మాత్రం కుప్రెస్ మైదానం నుంచి జూన్ 3 రాత్రి విమానమెక్కి ఇటలీలోని బారికి, అక్కణ్నుంచి బ్రిటిష్ యుద్ధనౌకలో విస్ దీవికి చేరాడు. అయితే ఈ దాడిని పూర్తి వైఫల్యం అనేసి వదిలేయడమూ సరికాదు. పార్టిజాన్ల కేంద్రం కొన్ని వారాలపాటు చెల్లాచెదురైంది, మిత్రపక్షాలతో సంబంధాలు తెగాయి. కానీ ఒక గుహలోని మనిషి కోసం శిక్షణ పొందిన ఎనిమిది వందల మందికి పైగా సైనికులను పణంగా పెట్టి యూనిఫామ్ తెచ్చుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

ఆ బెటాలియన్ మళ్లీ ఎన్నడూ శత్రువు మీద పారాచూట్లతో దిగలేదు. సీగ్‌ఫ్రీడ్ మీలియస్ నాయకత్వంలో వేసవిలో బాల్టిక్ ప్రాంతానికి పంపగా లిథువేనియాలో మరోసారి దారుణంగా దెబ్బతింది. అక్టోబర్‌లో బుడాపెస్ట్ కోట గుట్ట మీద హంగరీ పాలకుడు హోర్తీని దించిన చర్యలో పాల్గొంది. సంవత్సరం చివర్లో నంబరు 600 అయింది. దాంతో ప్రొబేషన్ ముద్ర పోయిందని సైనికులకు చెప్పినట్టయింది. డిసెంబర్‌లో ఆర్డెన్స్‌లో కొన్ని కంపెనీలు, 1945 ఫిబ్రవరి నుంచి ఓడర్ నది ఒడ్డున ష్వెట్ దగ్గర మొత్తం బెటాలియన్ పోరాడింది. మేలో మిగిలినవాళ్లు హాగెనోవ్ దగ్గర అమెరికన్లకు లొంగిపోయారు. వైమానిక దళపు పారాచూట్ సైనికుల చివరి పెద్ద పారాచూట్ దాడి కూడా ఆర్డెన్స్‌లోనే, 1944 డిసెంబర్ 17 తెల్లవారుజామున. గాలివానలో దారితప్పి మైళ్ల కొద్దీ చెల్లాచెదురైన ఆ దళానికి నాయకుడు, క్రీట్‌లో బెటాలియన్ నడిపిన ఫాన్ డెర్ హైట. అనుకున్న రోడ్డును ఆపలేక కొన్నాళ్లకు అతనే లొంగిపోయాడు.

యుద్ధం తర్వాత ఈ రెండు రకాల మనుషుల గతి రెండు రకాలుగా సాగింది. క్రీట్‌లో యుద్ధఖైదీల పట్ల జరిగిన నేరాలకు సంబంధించి స్టూడెంట్‌ను 1946లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం విచారించి అయిదేళ్ల శిక్ష వేసింది. అనారోగ్యం పేరుతో 1948లో విడుదలయ్యాడు. మాజీ ఎస్‌ఎస్ సైనికులు 1951లో సొంత సంఘం పెట్టుకుని పింఛన్ల కోసం పార్లమెంటు సభ్యులను కలవసాగారు. యుద్ధబాధితులకు పరిహారమిచ్చే 1950 నాటి పశ్చిమ జర్మనీ చట్టం గాయపడ్డ ఎస్‌ఎస్ సైనికుడికీ వర్తించింది. సైన్యం నుంచి పారిపోయి మరణశిక్ష పడినవాడికీ, అతని వితంతువుకూ మాత్రం వర్తించలేదు. నేరస్తుడన్న ముద్ర అలాగే ఉండిపోయింది. సైనిక న్యాయస్థానాల్లో ఆ తీర్పులిచ్చినవాళ్లలో చాలామంది కొత్త రాజ్యంలోనూ న్యాయమూర్తులుగా కొనసాగారు. 1990లో బౌమన్, బతికున్న కొద్దిమంది తోటి ఖైదీలతో కలిసి ఒక సంఘం పెట్టాడు. మరుసటి ఏడు సమాఖ్య సామాజిక న్యాయస్థానం, మరణశిక్షకు గురైన ఒక సైనికుడి వితంతువుకు పరిహారం ఇవ్వాలని తీర్పిచ్చింది. 1998లో నాజీ న్యాయస్థానాల అన్యాయ తీర్పులు రద్దు చేసే చట్టం వచ్చినా, పారిపోయిన సైనికుల తీర్పులు అందులో మూకుమ్మడిగా కొట్టివేయలేదు. అది 2002 సవరణతో జరిగింది. 'యుద్ధద్రోహం' కింద పడ్డ శిక్షలను 2009 సెప్టెంబర్‌లో పార్లమెంటు ఏకగ్రీవంగా రద్దు చేసింది. ఆ నేరాల కింద శిక్షపడి ప్రొబేషన్ బెటాలియన్లలో చనిపోయినవాళ్లు చట్టం దృష్టిలో నిర్దోషులు కావడానికి సుమారు అరవై ఏళ్లు పట్టింది. బౌమన్ 2018లో 96 ఏళ్ల వయసులో మరణించాడు.